వంటింటి పునర్నిర్మాణం: ఖరీదైన ఆధునిక క్యాబినెట్లలో డబ్బు దేనికి పెట్టాలి?

కొండాపూర్_ఇల్లు

అందరికీ నమస్కారం. హైదరాబాదులో మా ఫ్లాటు వంటింటిని మొత్తం ఊడదీసి కొత్తగా చేయించుకోవాలని నిర్ణయించుకున్నాము. ఇప్పుడున్నది బిల్డరు ఇచ్చిన గ్రానైటు గట్టు, దాని కింద కడప బండలతో కట్టిన అరలు, వాటికి తరువాత మేము బిగించుకున్న లామినేటు తలుపులు. సింకు కింది తలుపు అడుగంచున ఉబ్బి పొరలు విడిపోయింది. పై అరల తలుపులు జారి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. గది 11 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, ఎల్ ఆకారపు గట్టు. ఇంట్లో ఐదుగురం ఉంటాము. రెండు పూటలా వంట జరుగుతుంది, ఇడ్లీ, దోసెల పిండికి గ్రైండరు తరచుగా తిరుగుతుంది, వేసవి దాటేసరికి ఆవకాయ, మాగాయ జాడీలు వరుస కడతాయి.

రెండు చోట్ల కొటేషన్లు తీసుకున్నాము. ఒకటి ఇటలీ నుంచి తెప్పించి బిగించే షోరూము వారిది, మరొకటి నగర శివార్లలో సొంత ఫ్యాక్టరీ ఉన్నవారిది. మొదటిది రెండవదానికి రెట్టింపు పైనే ఉంది. ఇద్దరూ చూపించిన బొమ్మలలో మాత్రం నాకు పెద్ద తేడా కనిపించలేదు. రెండింటిలోనూ పిడులు లేని నున్నటి తలుపులు, నిలువెత్తు అలమర, మెల్లగా మూసుకునే సొరుగులే ఉన్నాయి. మంచిదానికి ఖర్చు పెట్టడానికి మేము వెనుకాడము, కానీ ఆ డబ్బు దేనికి పోతోందో తెలియాలి. ప్లైవుడ్డా, బోర్డా? తలుపుకు యాక్రిలికా, పీయూ (పాలీయూరిథేన్) పెయింటా, గాజా? పిడులు లేకపోతే మా వంటకు ఇబ్బందా? అనుభవమున్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

కొలతబద్ద

కొండాపూర్ గారూ, నేను హైదరాబాదులో ఇళ్ల లోపలి అమరికల పని చేస్తాను. ముందుగా ఆ రెండు కొటేషన్లనూ ఒకే పద్ధతిలో విడగొట్టి ఇవ్వమని ఇద్దరినీ అడగండి. చదరపు అడుగుకు ఇంత అని గుత్తగా రాసిన కొటేషన్‌తో దేన్నీ పోల్చలేము. డబ్బా, అంటే కారకాస్, ఒక ధర. తలుపు, అంటే షట్టరు, ఒక ధర. హింజ్‌లు, చానెళ్లు, లిఫ్టుల వంటి హార్డ్‌వేర్ ఒక ధర. లోపలి బుట్టలు, మూల అమరికలు, పళ్లేల స్టాండ్లు ఇంకొక ధర. ఇలా విడదీసి రాయించుకుంటే, షోరూములో మన కంటికి ఆనే తలుపుకు ఎంత పోతోందో, ఏళ్ల తరబడి బరువు మోసే డబ్బాకూ హార్డ్‌వేర్‌కూ ఎంత పోతోందో తేటతెల్లమవుతుంది. నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. డబ్బా, హార్డ్‌వేర్ అత్యుత్తమంగా ఉండి తలుపు మధ్యరకమైనా ఆ వంటిల్లు నిలుస్తుంది. తలుపు అద్దంలా మెరుస్తూ డబ్బా నాసిరకమైతే నిలవదు.

ఒక విషయం చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. జర్మనీ, ఇటలీల నుంచి వచ్చే ఖరీదైన వంటిళ్లలో చాలావాటి డబ్బాలు ప్లైవుడ్‌తో చేసినవి కావు, మెలమిన్ పూత ఉన్న పార్టికల్ బోర్డుతో (చెక్క తురుమును జిగురుతో అదిమి చేసేది) చేసినవి. అది మోసమేమీ కాదు. వారి బోర్డు సాంద్రత, జిగురు, యంత్రపు కోత, అంచుల అతుకు చాలా నియమబద్ధంగా ఉంటాయి, ప్రతి రంధ్రమూ కొలత తప్పకుండా పడుతుంది. అయితే దిగుమతి సరుకు కొంటున్నప్పుడు మీరు డబ్బు ఇస్తున్నది ఆ ఖచ్చితత్వానికీ తలుపు పూతకూ రూపకల్పనకూ తప్ప గట్టి చెక్కకు కాదని తెలిసి కొనాలి.

చేవగల_చెక్క

కొలతబద్ద గారు చెప్పింది నిజమే. అయినా మన ఇళ్లలో ఆ బోర్డును నేను సింకు కింద పెట్టను. మాది విజయవాడ, మా కుటుంబమంతా చెక్కపనిలోనే ఉంది. ఐరోపా వంటిళ్లలో నేలను తడిగుడ్డతో తుడుస్తారు, మనం బకెట్టుతో నీళ్లు పోసి చీపురుతో కడుగుతాము. ఆ నీళ్లు స్కర్టింగు (డబ్బాల కాళ్లను కప్పే అడుగు పట్టీ) కిందికి పోయి డబ్బా అడుగును ఎన్నిసార్లు తడుపుతాయో ఎవరూ చూడరు. పార్టికల్ బోర్డు అంచుకు ఎక్కడైనా సన్నని సందు దొరికి నీరు చేరితే రవ్వ ఉబ్బినట్టు ఉబ్బుతుంది, మళ్లీ యథాస్థితికి రాదు, అందులోని స్క్రూ పట్టు కోల్పోతుంది.

అందుకే సింకు, డిష్‌వాషర్ పక్కల, నేలకు దగ్గరి డబ్బాలన్నింటికీ ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం గుర్తున్న ప్లైవుడ్ కోరండి. మెరైన్ గ్రేడ్ అని వ్యవహరించేది అదే. ఆ ప్రమాణంలో ముక్కను 72 గంటలు నీటిలో ఉడికించినా పొరలు విడిపోకూడదన్న పరీక్ష ఉంటుంది. ఐఎస్ 303 కింద వచ్చే బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే) రకం దాని తరువాతిది, పై అరలకు, నిలువు అలమరకు అది చాలు. అదే ఐఎస్ 303లో ఎంఆర్ (తేమను మాత్రమే తట్టుకునే) అనే రకం కూడా ఉంది. దాన్ని వంటింటిలోకి రానివ్వకండి. షీటు మీద ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉంటుంది. దాన్ని భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఆ లైసెన్సు ఏ కంపెనీది, ఏ ప్రమాణానికి ఇచ్చినది అన్నది తెలుస్తుంది. షీట్లు కోయకముందే ఫ్యాక్టరీకి వెళ్లి ఈ పని చేయండి, కోసి లామినేటు అతికించాక ఏ షీటు ఏదో చెప్పడం మాకే కష్టం.

హెచ్‌డీహెచ్‌ఎంఆర్ అనే, తేమను తట్టుకునే దట్టమైన చెక్కపీచు బోర్డు గురించి కూడా అడుగుతారేమో. తలుపులకు అది మంచిదే. ప్లైవుడ్ కన్నా సమంగా ఉంటుంది, పీయూ పెయింటు చక్కగా కూర్చుంటుంది. డబ్బాకు మాత్రం నా ఓటు ప్లైవుడ్‌కే.

సాగరతీరం

విశాఖపట్నం నుంచి రాస్తున్నాను. హైదరాబాదు వారికి ఈ బాధ అంతగా ఉండదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో చెక్క కన్నా ముందు లోహం పాడవుతుంది. మా బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో 304 రకం స్టీలు బుట్టలకు కూడా ఉప్పుగాలి వల్ల గోధుమరంగు చుక్కలు లేస్తాయి. 316 రకంలో మాలిబ్డినం అనే లోహం కలుస్తుంది కనుక ఉప్పును ఎక్కువ తట్టుకుంటుంది. అది దొరకకపోతే తీగ బుట్టలను మానేసి, పక్కలు పౌడర్ కోటింగు చేసిన ఉక్కుతోనూ అడుగు బోర్డుతోనూ ఉండే సొరుగులు పెట్టించుకోవడం మేలు. ఇంకొక మాట. సింకు కింద బ్లీచింగు పౌడరు, ఫినైలు, యాసిడ్ సీసాలు మూత సరిగా పెట్టకుండా దాస్తే ఆ ఆవిరికే హింజ్‌లు తుప్పు పడతాయి. ఇది సముద్రం లేని ఊరిలోనూ జరుగుతుంది. అటువంటివి వరండాలోనో పెరటిలోనో ఉంచండి.

కొండాపూర్_ఇల్లు

ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. డబ్బా సంగతి నాకు స్పష్టమైంది. ఇప్పుడు తలుపు పూత విషయం చెప్పండి. షోరూము వారు లేత బూడిదరంగు మ్యాట్ తలుపులు చూపించారు, చేతితో తాకితే పట్టులా ఉన్నాయి. ఫ్యాక్టరీ వారు తెల్లటి యాక్రిలిక్ చూపించారు. మా అత్తగారికి రెండూ నచ్చలేదు, పసుపు చేత్తో ముట్టుకుంటే ఏమవుతుందని ఆవిడ అడిగిన ప్రశ్నకు ఇద్దరి దగ్గరా సూటి సమాధానం రాలేదు.

డాలస్_వంటిల్లు

మీ అత్తగారి ప్రశ్న సరైన ప్రశ్న. నేను టెక్సస్‌లో ఉంటున్నాను, క్రితం ఏడాది మా వంటిల్లు మార్చాము. అప్పుడు నేను చేసిన పని చెబుతాను. నచ్చిన పూతలన్నింటికీ అరచేయంత నమూనా ముక్కలు అడిగి తీసుకున్నాను. ఒక్కొక్కదాని మీద నూనెలో కలిపిన పసుపు, చింతపండు పులుసు, కాఫీ డికాక్షన్ చుక్కలుగా వేసి రాత్రంతా వదిలి, ఉదయం గిన్నెలు తోమే సబ్బుతో తుడిచాను. చింతపండు, కాఫీ దాదాపు అన్నింటి మీదా పోయాయి, పసుపు దగ్గరే తేడా తెలిసింది. మెరిసే యాక్రిలిక్, గాజు మీద జాడ లేదు. లేత రంగు మ్యాట్ పెయింటు మీద పసుపు నీడ మిగిలింది. ఆ ముక్కను కిటికీ దగ్గర ఎండలో పెడితే కొన్నాళ్లకు వెలిసింది, ఎందుకంటే పసుపులోని కర్క్యుమిన్ వెలుతురుకు నిలవదు. కానీ వంటింటి తలుపును ఎండలో పెట్టలేము కదా.

మీకు చూపించిన పట్టులాంటి మ్యాట్ తలుపు ఏ పదార్థమో పేరు అడగండి. ఇటలీలోని ఆర్పా అనే సంస్థ 2013లో తెచ్చిన ఫెనిక్స్ అయితే అది పెయింటు కాదు, ఒక రకం లామినేటు. వేలిముద్రలు పడవు, సన్నని గీతలు పడినప్పుడు తడి కాగితం పరిచి ఇస్త్రీపెట్టె వేడి తగిలిస్తే గీత మాయమవుతుంది. మామూలు మ్యాట్ పెయింటుకు ఆ గుణం లేదు. మెరిసే యాక్రిలిక్‌కు మరక పట్టదు గాని పొడిగుడ్డతో, పీచుతో రుద్దితే వెంట్రుక గీతలు పడి, దీపం వెలుతురులో వలయాలుగా కనిపిస్తాయి. పనిచేసేవారికి మెత్తటి తడిగుడ్డ మాత్రమే వాడమని ముందే చెప్పవలసి ఉంటుంది. గాజు తలుపు శుభ్రానికి అన్నింటికన్నా సులువు, కాని బరువు ఎక్కువ కనుక హింజ్‌లు దానికి తగ్గవి కావాలి.

మరొక విషయం ఇక్కడి నుంచి చెప్పగలను. అమెరికాలో చెక్క బోర్డుల జిగురు నుంచి వెలువడే, ఆరోగ్యానికి చేటు చేసే వాయువైన ఫార్మాల్డిహైడ్‌కు చట్టపరమైన పరిమితి ఉంది. మొదట కాలిఫోర్నియా తెచ్చిన ఆ నియమాన్ని 2018 నుంచి దేశమంతటా అమలు చేస్తున్నారు. దాని ప్రకారం ప్లైవుడ్‌కు 0.05, పార్టికల్ బోర్డుకు 0.09, సన్నని చెక్కపీచుతో చేసే ఎండీఎఫ్‌కు 0.11 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఇన్ని వంతులు) మించకూడదు. ఐరోపా సరుకుకు ఆ వాయువు తక్కువగా వెలువడుతుందని తెలిపే ఇ1 అనే గుర్తు ఉంటుంది. మన దగ్గర కూడా కొన్ని కంపెనీలు ఇ1, ఇ0 అని ముద్రించి అమ్ముతున్నాయి. ఇంట్లో చిన్నపిల్లలు, ఉబ్బసం ఉన్నవారు ఉంటే ఇది తప్పక అడగండి. కొత్త క్యాబినెట్ల ఘాటు వాసనను కొత్తదనం అనుకుని ఊరుకోకూడదు.

పాలపిట్ట

అమ్మాయీ, నేను రాజమహేంద్రవరంలో ఉంటాను, వయసులో మీ అత్తగారికి దగ్గరగా ఉంటాననుకుంటాను. అందరూ పదార్థాల గురించి చెప్పారు, నేను వంట చేసే మనిషి గురించి చెబుతాను. మొదట ఆ కడప బండలను పగలగొట్టించే ముందు ఒకసారి ఆలోచించండి. వాటికి చెద పట్టదు, నీళ్లకు చెడవు, గ్రైండరు బరువుకు చలించవు. అయితే బండల మధ్య దూరం ఎక్కడా సమానంగా ఉండదు కాబట్టి మంచి సొరుగులు నేరుగా పట్టవు, లోపల మళ్లీ చెక్క డబ్బా పెడితే రెండు వైపులా జాగా పోతుంది. మా అమ్మాయి ఇంట్లో సింకు కింది బండలను మాత్రం ఉంచి, మిగిలినవి తీసి కొత్త డబ్బాలు పెట్టించారు. ఆ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. సింకు కింద తలుపు ఒక్కటే మార్చుకుంటే చాలు, డబ్బా చెడుతుందన్న దిగులే లేదు.

రెండవది సొరుగులు. గట్టు కింద తలుపులున్న అరలో వెనుక పెట్టిన గిన్నె తీయాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి, అదే సొరుగైతే నిలబడే లాగవచ్చు. మా వయసు వారికి ఆధునిక వంటింటిలో నిజంగా ఉపయోగపడేది ఇదొక్కటే అని నేను గట్టిగా నమ్ముతాను. పొయ్యి పక్కన పైసొరుగులో పోపుల పెట్టె, గరిటెలు, దాని కిందిదానిలో పప్పు డబ్బాలు, అడుగుదానిలో కుక్కర్లు, ఇడ్లీ పాత్ర. జాడీలను మాత్రం సొరుగులో పెట్టవద్దు. సొరుగు ఆగినప్పుడు జాడీ కదిలి ఊట పైకి వస్తుంది. వాటికి నిలువు అలమరలో మోకాలెత్తున కదలని బల్ల ఒకటి వేయించండి.

పిడుల సంగతి మీ అత్తగారినే అడగండి. పిండి చేత్తో, నూనె చేత్తో సొరుగు తెరవాల్సి వచ్చినప్పుడు చిటికెన వేలితో లాగడానికి ఒక పిడి ఉండాలని నాకైతే అనిపిస్తుంది.

కొలతబద్ద

పాలపిట్ట గారు చెప్పిన జాడీల బల్లను నేను ఇకమీద నా డ్రాయింగులలో చేరుస్తాను.

పిడులు లేని తలుపులకు రెండు మార్గాలున్నాయి. మొదటిది గోలా ప్రొఫైల్. గట్టు కింద, సొరుగుల మధ్య అల్యూమినియం కాలువ పెట్టి, అందులో వేళ్లు దూర్చి తలుపును లాగుతారు. చూడడానికి శుభ్రంగా ఉంటుంది, కానీ ఆ కాలువ ఎత్తు మేరకు పైసొరుగు లోతు తగ్గుతుంది, గట్టు మీద నుంచి జారిన పిండి, నూనె అందులో చేరతాయి. కాలువను తుడవడానికి వీలుగా మూలలు గుండ్రంగా ఉన్న ప్రొఫైల్ ఎంచుకోండి. రెండవది నొక్కితే తెరుచుకునే పద్ధతి. అది పై అరలకు ఫరవాలేదు, కింది సొరుగులకు వద్దంటాను. గట్టుకు ఆనుకుని నిలబడినప్పుడు నడుము తగిలి సొరుగు తెరుచుకుంటుంది. పైగా మెల్లగా మూసుకునే గుణం కూడా కావాలంటే రెండూ కలిసిన ఖరీదైన విధానమే తీసుకోవలసి ఉంటుంది.

ఇక డిష్‌వాషర్. మీరు ఇప్పుడు కొనకపోయినా దాని చోటు ఇప్పుడే నిర్ణయించాలి. వెడల్పు 600 మి.మీ. అన్నది దాదాపు అన్నింటికీ ఒకటే. ఎత్తు దగ్గరే మనవాళ్లు చిక్కుల్లో పడతారు. విడిగా నిలబడే యంత్రాలు సుమారు 845 మి.మీ. ఎత్తుంటాయి. మన ఇళ్లలో గట్టు పైభాగమే 850 దరిదాపుల్లో ఉంటుంది, అందులో రాయి మందం పోతే కింద యంత్రం దూరదు. కొన్ని మోడళ్లకు పై మూత తీసి పెట్టే వీలుంది, క్యాబినెట్ల మధ్య అమర్చడానికే తయారైనవి సుమారు 820లో సరిపోతాయి. మోడల్ ఖాయం చేసుకుని గట్టు ఎత్తు నిర్ణయించండి. నీటి కుళాయి, డ్రెయిను, ప్లగ్గు యంత్రం వెనుక కాకుండా పక్కనున్న సింకు డబ్బాలో ఉండాలి, లేకపోతే చిన్న లీకుకు కూడా యంత్రం మొత్తం బయటికి లాగాలి.

గ్యాసు విషయం మరీ ముఖ్యం. 14.2 కిలోల సిలిండరును క్యాబినెట్‌లో పెడుతుంటే ఆ డబ్బా అడుగున గాలి రంధ్రాలు తప్పనిసరి, ఎందుకంటే ఎల్పీజీ గాలి కన్నా బరువైనది, కారితే కిందికి దిగి పేరుకుంటుంది. పైపు గ్యాసు దీనికి విరుద్ధం. అది గాలి కన్నా తేలిక కనుక పైకి లేస్తుంది, రంధ్రాలు పైభాగాన ఉండాలి. మీ అపార్టుమెంటుకు ఇప్పుడు సిలిండరు ఉండి రేపు పైపు వచ్చే అవకాశం ఉంటే పైనా కిందా రెండు చోట్లా జాలీలు పెట్టించండి. అందమైన తలుపులో జాలీ బాగుండదని తీసేయించేవారిని చూస్తుంటాను, ఆ విషయంలో నేను ఎవరి మాటా వినను.

ఈ సందర్భంగా ఒక పాత వంటిల్లు గుర్తు చేయాలనిపిస్తోంది. మనం ఆధునిక వంటిల్లు అంటున్న దానికి మూలం 1926లో మార్గరెటె ష్యూటె లిహోట్స్కీ అనే వాస్తుశిల్పి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగర గృహనిర్మాణ పథకం కోసం రూపొందించిన వంటిల్లు. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు ఉన్న గది అది. అందులో పిండి పెట్టే సొరుగులను పురుగు పట్టకుండా ఓక్ చెక్కతో చేయించారు, బియ్యం, పంచదార వంటివాటికి చేతితో లాగి నేరుగా గిన్నెలోకి వంచుకునే అల్యూమినియం డబ్బాలు పెట్టారు. వంట చేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తుంది, ఏ వస్తువు కోసం ఎక్కడికి చేయి చాస్తుంది అని లెక్క వేసుకున్నాకే క్యాబినెట్లు గీశారు. మీ షోరూము వారు మీ వంటింట్లో ఒక్క పూట వంట చూశారా? చూడకపోతే రమ్మనండి.

చేవగల_చెక్క

హార్డ్‌వేర్ గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ఆస్ట్రియాకు చెందిన బ్లూమ్, జర్మనీకి చెందిన హెట్టిక్, హాఫెలె మన ఊళ్లన్నింటిలో దొరుకుతున్నాయి. మూడింటిలో దేన్ని తీసుకున్నా మోసపోరు, అయితే కొటేషన్‌లో పేరు మాత్రమే రాసి ఊరుకుంటే సరిపోదు, శ్రేణి పేరు కూడా రాయించుకోవాలి. ఒకే కంపెనీలో సాధారణ చానెలూ ఉంటుంది, అత్యుత్తమమైనదీ ఉంటుంది. ఉదాహరణకు బ్లూమ్ లెగ్రాబాక్స్ సొరుగులు 40 కిలోల సామర్థ్యంతోనూ 70 కిలోల సామర్థ్యంతోనూ వస్తాయి. కుక్కర్లు, ఇత్తడి గిన్నెలు పెట్టే వెడల్పాటి అడుగు సొరుగుకు 70 కిలోలది పెట్టి, మిగిలినవాటికి 40 చాలు. అన్నింటికీ పెద్దదే పెట్టడం వృథా.

హింజ్‌ల సంఖ్య కూడా చూడండి. తలుపు ఎత్తు సుమారు 900 మి.మీ. దాటితే మూడు ఉండాలి, గాజు తలుపుకు, నిలువు అలమర తలుపుకు ఇంకా ఎక్కువ కావాలి. మీ పాత తలుపులు జారడానికి కారణం చాలావరకు ఇదే అయి ఉంటుంది, దానికి తోడు స్క్రూ పట్టిన చెక్క మెత్తబడి ఉంటుంది. పైకి ఎత్తే లిఫ్టు తలుపులు పెట్టించేటప్పుడు తెరిచినప్పుడు దాని అంచు ఎంత ఎత్తుకు పోతుందో ఇంట్లో అందరికన్నా పొట్టివారిని నిలబెట్టి చూడాలి. అందక స్టూలు వేసుకుని మూసే ఇళ్లు ఎన్నో చూశాను.

అంచుల అతుకు గురించి ఒక్క మాట. బోర్డు అంచును కప్పే పట్టీని, అంటే ఎడ్జ్ బ్యాండును, సాధారణంగా ఈవీఏ జిగురుతో అతికిస్తారు, అది వేడికి మెత్తబడుతుంది. పీయూఆర్ జిగురు వేడినీ ఆవిరినీ తట్టుకుంటుంది. పొయ్యి పక్క, డిష్‌వాషర్ పైన, ఇడ్లీ ఆవిరి తగిలే చోట తేడా బాగా తెలుస్తుంది. ఫ్యాక్టరీ వారి దగ్గర పీయూఆర్ యంత్రం ఉందా అని అడగండి. ఉంటే అంచు అతికిన ముక్క ఒకటి తెచ్చుకుని బకెట్టు నీళ్లలో రెండు రోజులు నానబెట్టి గోరుతో లాగి చూడండి. ఇది నేను నా సరుకుకు కూడా చేసి చూపిస్తాను.

డాలస్_వంటిల్లు

గట్టు ఎత్తు ప్రస్తావన వచ్చింది కాబట్టి చిన్న చేర్పు. అమెరికాలో కింది క్యాబినెట్లు 34.5 అంగుళాలు, రాయితో కలిపి గట్టు 36 అంగుళాలు అన్నది దాదాపు అందరికీ ఒకటే. మా అమ్మ వచ్చినప్పుడు ఆ ఎత్తులో ఆమెకు భుజాలు నొప్పి పుట్టాయి. మీరు చేయించుకుంటున్నారు కనుక ఎత్తు మీ ఇష్టం. ఎక్కువగా వంట చేసేవారు మోచేయి మడిచి నిలబడినప్పుడు మోచేతికి నాలుగు నుంచి ఆరు అంగుళాల కింద గట్టు ఉంటే హాయిగా ఉంటుంది. పొయ్యి దగ్గర గిన్నె ఎత్తు కూడా కలుస్తుంది కనుక ఆ భాగం కొంచెం దించవచ్చు.

కొండాపూర్_ఇల్లు

మీరందరూ చెప్పినది ఇంట్లో చదివి వినిపించాను. దిగుమతి వంటిల్లు వద్దనుకున్నాము. ఫ్యాక్టరీ వారితోనే వెళుతున్నాము, ఐఎస్ 710 ప్లైవుడ్ డబ్బాలు, పీయూఆర్ అంచులు, మిగిలిన డబ్బుతో అత్యుత్తమ సొరుగులు తీసుకుంటున్నాము. సింకు కింది కడప బండలు అలాగే ఉంచుతాము. తలుపులకు కింది వరుసలో ముదురు రంగు లామినేటు, పై వరుసలో ఫెనిక్స్ అనుకుంటున్నాము. అత్తగారు పసుపు పరీక్ష స్వయంగా చేశారు. పిడులు పెట్టించమని ఆవిడ తీర్పు. గోలా ప్రొఫైల్ నాకు ఇష్టమే గాని ఆవిడే ఎక్కువసేపు వంటింట్లో ఉంటారు.

ఇక చివరి సందేహం. ఫ్యాక్టరీ వారు ఈ వారమే కొలతలు తీసుకుని తయారీ మొదలుపెడతామంటున్నారు. మా టైల్స్ పని ఇంకా కాలేదు. తొందరపడవచ్చా?

కొలతబద్ద

తొందరపడకండి. ఈ వారం తీసుకునే కొలతలు అంచనాకు మాత్రమే పనికివస్తాయి. పాత గట్టు తీసి, ప్లంబింగు, కరెంటు పాయింట్లు మార్చి, గోడకు ప్లాస్టరింగు చేసి, టైల్స్ అతికించాక గది కొలత ప్రతి వైపూ ఎంతో కొంత తగ్గుతుంది, మూలలు కూడా నిటారుగా 90 డిగ్రీలు ఉండవు. ఫ్యాక్టరీ డబ్బా మిల్లీమీటరు లెక్కన కోసి వస్తుంది. గోడ పది మిల్లీమీటర్లు వంకరగా ఉంటే ఆ సందును బిగించేవారు సిలికాన్‌తో నింపి పోతారు, బొద్దింకలకు అదే ఇల్లు. టైల్స్ అయ్యాక వారి మనిషి వచ్చి లేజరుతో కొలిచి, అడుగున, నడుమ, పైన మూడు ఎత్తులలో గోడ నుంచి గోడకు రాసుకున్న కాగితం మీద సంతకం చేయాలి. తయారీ అడ్వాన్సు ఆ కాగితం తరువాతనే ఇవ్వండి.

గట్టు రాయి కూడా డబ్బాలు నేలమీద సమంగా కూర్చున్నాకే కొలవాలి. సింకు కింద కడప బండలు ఉంచుతున్నారు కనుక ఆ భాగం ఎత్తుకు పక్క డబ్బాల కాళ్లను సర్దాలి, ఈ సంగతి వారికి ముందే చెప్పకపోతే రాయికి మెట్టు వస్తుంది. 20 మి.మీ. గ్రానైటు చదరపు మీటరుకు 54 కిలోల దాకా తూగుతుంది, డబ్బాల కాళ్లు అన్నీ నేలకు ఆనకపోతే ఆ బరువుకు సింకు కోత దగ్గర రాయి చిట్లుతుంది. బిగించే రోజున స్కర్టింగు పెట్టకముందే టార్చిలైటుతో వంగి ప్రతి కాలునూ చేత్తో కదిపి చూడండి, వదులుగా తిరిగేది కనిపిస్తే రాయి ఎక్కించనివ్వకండి.